సప్త సముద్రాల ఎడిన్‌బరో: ఆ పేరు ఎలా వచ్చింది?

ప్రశ్న

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో, కేప్‌టౌనుకు సుమారు 2,800 కిలోమీటర్లు, సెయింట్ హెలెనా ద్వీపానికి సుమారు 2,400 కిలోమీటర్ల దూరంలో ట్రిస్టన్ డ కున్యా అనే అగ్నిపర్వత ద్వీపం ఉంది. అక్కడ విమానాశ్రయం లేదు. కేప్‌టౌనులో ఓడ ఎక్కితే చేరడానికి వారం రోజులు పడుతుంది. ద్వీపం మొత్తానికి ఉన్నది ఒకే ఒక ఊరు, అందులో ఉండేది రెండు వందల యాభై మంది లోపే. ఆ ఊరి పేరు పటాల్లో ‘ఎడిన్‌బరో ఆఫ్ ద సెవెన్ సీస్’, అంటే సప్త సముద్రాల ఎడిన్‌బరో, అని కనిపిస్తుంది. ద్వీపం పేరు పోర్చుగీసుది, ఊరి పేరు స్కాట్లండు రాజధానిది, ఊళ్లోవారి ఇంటిపేర్లు చూస్తే ఇంగ్లీషు, డచ్చి, ఇటాలియన్ కలగలిసి ఉంటాయి. ఇంత చిన్న చోటికి ఇన్ని దేశాల పేర్లు ఎలా చేరాయన్నది కొంతకాలంగా నన్ను వదలడం లేదు.

ఊరికి మూలపురుషుడైన విలియం గ్లాస్ స్కాట్లండు వాడని చదివినప్పుడు, తన దేశపు రాజధాని పేరును ఆయనే పెట్టి ఉంటాడని అనుకున్నాను. అయితే ఆయన పుట్టింది ఎడిన్‌బరోలో కాదనీ, ఇంగ్లండు సరిహద్దుకు దగ్గరగా ఉన్న కెల్సోలో అనీ తెలిశాక ఆ ఊహ మీద నమ్మకం సడలింది. అసలు ఆ పేరు ఎవరి వల్ల వచ్చింది? రెండో సందేహం కూడా ఉంది. మనుషులే లేని ద్వీపాన్ని ఆక్రమించుకున్నప్పుడు దానిని వలస పాలన అని పిలవవచ్చునా? ఎవరి నేలనూ లాక్కోలేదు కదా అనిపిస్తుంది, కానీ ఆ మాటతో విషయం తేలిపోయినట్టు కూడా అనిపించడం లేదు. తెలిసినవారు వివరంగా రాయగలరు.

మొదటి సమాధానం

మీ ఊహ సహజమైనదే, చాలామంది అలాగే అనుకుంటారు. అయితే తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే అది నిలవదు. గ్లాస్ 1853లో మరణించారు. 1856, 1857 సంవత్సరాల్లో ఆయన కుటుంబంలో పెద్ద భాగం అమెరికాకు, మరికొందరు ద్వీపవాసులు అక్కడి పాదిరి వెంట దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీకి తరలిపోగా ద్వీపంలో మిగిలింది 28 మంది మాత్రమే. ఊరికి ఎడిన్‌బరో పేరు వచ్చింది ఆ తరువాత పదేళ్లకు, 1867లో. దానికి కారణం విక్టోరియా రాణి రెండో కుమారుడు ఆల్ఫ్రెడ్. ఆయన ‘గలటియా’ అనే యుద్ధనౌకకు కెప్టెనుగా లోకం చుట్టి వస్తూ ఆ ఏడాది ట్రిస్టన్ దగ్గర ఆగారు. అంతకు ముందు ఏడాదే, 1866లో, రాణి ఆయనకు డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అనే బిరుదు ఇచ్చారు. ఆయన రాకకు గుర్తుగా ఊరికి ఆ బిరుదులోని నగరం పేరు పెట్టారు. స్కాట్లండులోని నగరానికీ ఈ ఊరికీ ఉన్న సంబంధం ఆ బిరుదు ఒక్కటే, గ్లాస్ స్కాట్లండు వాడు కావడం కేవలం కాకతాళీయం. ‘సప్త సముద్రాల’ అనే విశేషణం ఉండబట్టే అసలు ఎడిన్‌బరో నుంచి దీనిని వేరుగా గుర్తుపట్టగలుగుతున్నాం.

ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. రాకుమారుడు వచ్చేనాటికి ఊరు పుట్టి యాభై ఏళ్లు అయింది. ఇళ్లు కట్టుకుని, బంగాళాదుంపలు పండించుకుని, పిల్లల్ని కని, తమవారిని అక్కడే పాతిపెట్టిన మనుషుల ఊరికి, దారిన పోతూ కాసేపు ఆగి వెళ్లిన అతిథి బిరుదు అధికారిక నామమై కూర్చుంది. ఊళ్లోవారు మాత్రం నేటికీ ఆ పేరు వాడరు. వాళ్ల నోట అది ‘ద సెటిల్‌మెంట్’, మన మాటలో చెప్పాలంటే ‘ఊరు’, అంతే. ద్వీపానికంతటికీ ఉన్నది ఒకే ఊరైనప్పుడు దానికి వేరే పేరుతో పని ఏముంది?

ద్వీపం పేరు సంగతి దీనికంటే పాతది. పోర్చుగీసు నౌకాధిపతి ట్రిస్టావ్ డ కున్యా 1506లో పెద్ద నౌకాదళంతో భారతదేశం వైపు వస్తూ, దారిలో ఈ ద్వీపాన్ని చూసి తన పేరు పెట్టారు. సముద్రం పోటు వల్ల దిగలేకపోయారు. అంటే ద్వీపానికి పేరిచ్చిన మనిషి దాని మీద కాలు కూడా మోపలేదు. ఆయన కుమారుడు నూనో డ కున్యా తరువాతి కాలంలో పోర్చుగీసు ఇండియాకు గవర్నరు అయ్యాడు కనుక ఆ ఇంటిపేరు మన దేశ చరిత్ర చదివేవారికి కొత్తది కాదు. ఇంగ్లీషువారి నోట పడి ట్రిస్టావ్ ట్రిస్టన్ అయింది. పొరుగున ఉన్న మరో ద్వీపానికి ఈ మాత్రం అదృష్టం కూడా దక్కలేదు. పోర్చుగీసు నావికుడు గొన్సాలో అల్వారెస్ పేరుతో ఉన్న ఆ ద్వీపం, 1732లో ఛార్లెస్ గఫ్ అనే ఇంగ్లీషు కెప్టెను కంట పడిన తరువాత గఫ్ ద్వీపమైపోయింది.

రెండో సమాధానం

పేరు విషయంలో పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తాను. మీ రెండో ప్రశ్న గురించి రాస్తాను, ఎందుకంటే ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది అదే.

ఈ ద్వీపాన్ని చూసినవారు చాలామంది, కావాలనుకున్నవారు తక్కువ. 1643లో ‘హేమ్‌స్టెడే’ అనే డచ్చి ఓడ వారు దిగినట్టు నమోదై ఉంది, దిగినవారిలో మనకు తెలిసినంతలో వారే మొదటివారు. 1656లో డచ్చి ఈస్టిండియా కంపెనీ తన ఓడలకు మజిలీగా పనికివస్తుందేమోనని సర్వే చేయించి, సరైన ఓడరేవు లేదని ఆలోచన మానుకుంది. ఆ తరువాత తిమింగలాలనూ సీళ్లనూ వేటాడే ఓడలు వచ్చి పోతుండేవి. 1810 చివర్లో అమెరికాలోని సేలం పట్టణానికి చెందిన జొనాథన్ లాంబర్ట్ మరికొందరితో దిగి, 1811లో ఈ ద్వీపాలు తన సొంతమని ప్రకటించి, వాటికి ‘ఐలండ్స్ ఆఫ్ రిఫ్రెష్‌మెంట్’ అని కొత్త పేరు పెట్టాడు. దారిన పోయే ఓడలు ఆగి మంచినీళ్లు, కూరగాయలు తీసుకుని సేదతీరే చోటు అని దాని భావం. 1812లో అతడు సముద్రంలో మునిగి చనిపోయాడు. పేరు కూడా అతడితోనే పోయింది. 1816లో బ్రిటిషు సైనికులు వచ్చేసరికి లాంబర్ట్ సహచరుల్లో మిగిలి ఉన్నది ఇటలీలోని లివోర్నోకు చెందిన తొమ్మాసో కొర్రి ఒక్కడే. అతణ్ని అందరూ థామస్ కరీ అని పిలిచేవారు.

1816 ఆగస్టు 14న బ్రిటన్ ఈ ద్వీపాన్ని తన అధీనంలోకి తీసుకుని, పాలనను కేప్ కాలనీకి అప్పగించింది. అంతకు ముందు ఏడాదే నెపోలియన్‌ను సెయింట్ హెలెనాకు ప్రవాసం పంపారు. ఆయనను విడిపించదలచిన ఫ్రెంచివారు ట్రిస్టన్‌ను స్థావరంగా వాడుకోవచ్చునన్న భయం ఒకటి, బ్రిటన్, అమెరికాల మధ్య జరిగిన 1812 యుద్ధంలో అమెరికా దాడి ఓడలు వాడుకున్నట్టే మళ్లీ వాడుకుంటాయన్న భయం మరొకటి. 2,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖైదీకి కాపలాగా ఒక ద్వీపాన్ని ఆక్రమించడం ఇప్పుడు మనకు వింతగా తోస్తుంది కానీ, ఐరోపాలో ఇరవై ఏళ్లు యుద్ధం నడిపినవారికి అది అతిజాగ్రత్తగా అనిపించలేదు. అయితే ఏడాది తిరగగానే ఖర్చు తప్ప లాభం లేదని దళాన్ని వెనక్కి పిలిచారు. 1817 అక్టోబరులో, ఈ ఉపసంహరణ సమయంలోనే, ‘జూలియా’ అనే నౌక ఊరి తీరానికి కొట్టుకుని పగిలి యాభైకి పైగా మనుషులు చనిపోయారు.

దళంలో కార్పొరల్‌గా ఉన్న గ్లాస్ తాను అక్కడే ఉండిపోతానని అనుమతి తీసుకున్నారు. కేప్‌లో పుట్టిన భార్య మరియా, ఇద్దరు పిల్లలు, శామ్యూల్ బర్నెల్, జాన్ నాన్‌కివెల్ అనే ఇద్దరు తాపీ మేస్త్రీలు ఆయనతోపాటు ఉండిపోయారు. 1817 నవంబరు 7న ఆ ముగ్గురు మగవాళ్లు ఒక ఒప్పందం రాసుకున్నారు. పశువుల్లో, సామగ్రిలో అందరికీ సమాన వాటా, లాభమూ ఖర్చూ సమానం, వారిలో ఏ ఒక్కరూ మిగతావారిపై అధికారం చలాయించకూడదు. అధికారం, శిక్ష, వందనం అన్నవి తప్ప మరొకటి ఎరుగని సైనిక జీవితం నుంచి బయటపడిన మనిషి మొదటగా రాసుకున్న కాగితంలో ఆ షరతు ఉండడం నాకు సామాన్యమైన విషయంగా కనిపించదు.

ఇక వలస పాలన అనవచ్చునా అన్న ప్రశ్న. నేల లాక్కున్న మాట ఇక్కడ లేదు, నిజమే. కానీ ఆ ఊరిని నిలబెట్టిన మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. 1827లో, ఒంటరిగా ఉన్న మగవాళ్ల కోరిక మీద, ఒక ఓడ కెప్టెను సెయింట్ హెలెనా నుంచి ఐదుగురు స్త్రీలను తీసుకువచ్చాడు. అప్పటికి సెయింట్ హెలెనాలో బానిసత్వం ఇంకా పోలేదు. ఆఫ్రికా, ఆసియా, ఐరోపా జనాలు కలిసిన ఆ సమాజం సామ్రాజ్య వ్యాపారం తయారుచేసినదే. ఆ ఐదుగురు స్త్రీలు రాకపోతే నేటి ద్వీపవాసులు లేరు. వచ్చినవారిలో మొదట ఒడ్డున అడుగుపెట్టిన స్త్రీని పెళ్లాడతానని ఆ మగవాళ్లలో ఒకడైన థామస్ స్వేన్ ముందే మాట ఇచ్చాడని అక్కడి కథ ఒకటి వినిపిస్తుంది. కథను కథగానే తీసుకున్నా, ఆ స్త్రీల ఇష్టాయిష్టాల గురించి అందులో ఒక్క ముక్క కూడా లేకపోవడం గమనించదగినది. భర్తల ఇంటిపేర్లు నిలిచాయి, వారి సొంత పేర్లు పటంలో ఎక్కడా కనిపించవు. మనుషులు లేని నేల మీద కూడా వలస పాలన ఈ రూపంలో ఉంటుందని నా అభిప్రాయం.

మూడో సమాధానం

పై ఇద్దరూ అధికారిక పేర్ల గురించి రాశారు. ద్వీపంలోని వాగులకూ గట్లకూ ఉన్న పేర్లను చూడకుండా ఈ చర్చ ముగియకూడదని నా కోరిక. 1937, 1938 సంవత్సరాల్లో నార్వే శాస్త్రజ్ఞుల బృందం ద్వీపంలో ఉన్నప్పుడు, బృందంలోని సర్వేయరు అలన్ క్రాఫర్డ్ ద్వీపానికి సరైన పటం గీసి, ఊళ్లోవారు వాడే పేర్లను అందులో ఎక్కించారు. ఆ పని జరగకపోయి ఉంటే వాటిలో చాలా పేర్లు మన దాకా వచ్చేవి కావు.

ఆ పేర్లు ఎలా ఉంటాయంటే, ఒక గట్టు పేరు ‘మేక దూకిన గట్టు’, తీరంలో ఒక చోటి పేరు ‘పాదిరిగారు సామాను దింపిన చోటు’, మరో చోటి పేరు ‘పంది కాటు’. ఇంగ్లీషులో వాటిలో కొన్ని పొడవాటి వాక్యాల్లాగే ఉంటాయి. బంగాళాదుంపల చేలు ఊరికి పడమరన కొద్ది దూరంలో, చిన్న చిన్న రాతి గోడల మధ్య ఉంటాయి. వాటి పేరు ‘పొటాటో ప్యాచెస్’. ఎప్పుడు ఏం జరిగిందో, ఎక్కడ ఏం పండుతుందో ఆ పేరే చెప్పేస్తుంది. రాజులూ బిరుదులూ అందులో లేవు. శిఖరానికి మాత్రం ఐదో జార్జి భార్య పేరున క్వీన్ మేరీస్ పీక్ అని పెట్టారు. సుమారు 2,060 మీటర్ల ఎత్తున, తరచూ మబ్బుల్లో దాగి ఉండే చోటికి రాణి పేరు, రోజూ కాళ్లు తొక్కే చోట్లకు మేకల పేరు, పంది పేరు.

అయితే ఊరి పక్కన ఉన్న ఒక వాగు పేరు గురించి బాధతోనే రాయాలి. దానిని ‘హాటెన్‌టాట్ గల్చ్’ అంటారు. 1816 నాటి దళంలో కేప్ నుంచి తీసుకువచ్చిన, దక్షిణాఫ్రికా మూలవాసులైన ఖోయ్‌ఖోయ్ సైనికులు ఉండేవారు. వారు విడిది చేసిన చోటు కనుక ఆ పేరు వచ్చింది. హాటెన్‌టాట్ అనేది ఖోయ్‌ఖోయ్ ప్రజలను డచ్చివారు పిలిచిన పేరు, నేడు అది అవమానకరమైన మాట. వారు దళంతోపాటు వెళ్లిపోయారు, వారి సంతతి అంటూ అక్కడ ఎవరూ చెప్పుకోరు. ఆ సైనికులు ఆ ద్వీపం మీద ఉన్నారన్న జ్ఞాపకం మాత్రం ఆ వాగు పేరులోనే, పరాయివాళ్లు పెట్టిన ఆ తిట్టులోనే, మిగిలింది. ప్రశ్న అడిగినవారు ఎవరి నేలనూ లాక్కోలేదు కదా అన్నారు. తమ నేలను అప్పటికే పోగొట్టుకున్న జాతి మనుషులు, మరొకరి సామ్రాజ్యం కోసం మరో నేలను కాపలా కాయడానికి ఇక్కడికి వచ్చారు.

ఇంటిపేర్ల సంగతి క్లుప్తంగా: పాత ఇంటిపేర్లు గ్లాస్, స్వేన్, గ్రీన్, రోజర్స్, హేగన్, రెపెట్టో, లావరెల్లో అని ఏడు. గ్రీన్ అసలు పీటర్ గ్రోన్ అనే డచ్చి నావికుడు, 1836లో ఓడ పగిలి అక్కడే ఉండిపోయాడు. రోజర్స్, హేగన్ అమెరికా తిమింగల వేట ఓడల నుంచి దిగినవారు. రెపెట్టో, లావరెల్లో 1892లో ‘ఇటాలియా’ అనే ఓడ ధ్వంసమైనప్పుడు చేరిన, కమోల్యీ పట్టణానికి చెందిన ఇటాలియన్ నావికులు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. గ్లాస్ గురించిన నా ఊహ తప్పని తేలింది. ఖోయ్‌ఖోయ్ సైనికుల విషయం నేను ఎక్కడా చదవలేదు. నా రెండో ప్రశ్నను నేను ఎంత ఇరుకుగా అడిగానో ఇప్పుడు అర్థమవుతోంది. ఇంకొక్క సందేహం మిగిలింది. 1817లో దళాన్ని వెనక్కి తీసుకున్నాక బ్రిటన్ ఆ ద్వీపాన్ని నిజంగా పాలించిందా, లేక పేరుకు మాత్రమే తనదని చెప్పుకుందా? 1961లో ద్వీపం ఖాళీ అయిందని విన్నాను. ఆ సందర్భంలో ప్రభుత్వం ఏం చేసింది?

రెండో సమాధానం రాసినవారు

చాలాకాలం పేరుకు మాత్రమే. పందొమ్మిదో శతాబ్దమంతా అక్కడ గవర్నరు లేడు, పన్నులు లేవు, నాణేలు కూడా చెలామణిలో లేవు. అప్పుడప్పుడు ఒక యుద్ధనౌక, అప్పుడప్పుడు ఒక పాదిరి, అంతే. ఆవిరి ఓడలు పెరిగి, 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఆ దారిన వచ్చే ఓడలు మరీ తగ్గిపోయాయి. ఓడలతో ఇచ్చిపుచ్చుకోవడం మీదే ఊరు బతికేది కనుక ఒక ఓడ కనబడితే పడవలు వేసుకుని ఎదురు వెళ్లేవారు. 1885 నవంబరులో అలా ‘వెస్ట్ రైడింగ్’ అనే ఓడకు ఎదురు వెళ్లిన పదిహేనుమంది మగవాళ్లు తిరిగి రాలేదు. ఊళ్లో పనిచేయగల మగవాళ్లలో అత్యధికులు ఒక్కరోజులో పోయారు. 1906 నాటి గడ్డు శీతాకాలం తరువాత ద్వీపాన్ని ఖాళీ చేయిస్తామని ప్రభుత్వం ముందుకొచ్చింది. ఊరంతా సమావేశమై వద్దని చెప్పారు.

అసలైన పాలన రెండో ప్రపంచ యుద్ధంతో మొదలైందని నేను అంటాను. 1938లో ట్రిస్టన్‌ను సెయింట్ హెలెనాకు అనుబంధ ప్రాంతంగా చేశారు. 1942లో నౌకాదళం అక్కడ వైర్‌లెస్, వాతావరణ కేంద్రం పెట్టినప్పుడే డబ్బు వాడకం వచ్చింది. దాని తరువాత కూడా బంగాళాదుంపకు ఉన్న విలువ తగ్గలేదు. 1946లో తపాలా బిళ్లలు కావాలని అర్జీ పెట్టినప్పుడు నమూనాగా తయారుచేసిన బిళ్ల మీద ధరను పెన్నీలోనూ, నాలుగు బంగాళాదుంపలుగానూ వేశారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1952లో వచ్చిన మొదటి బిళ్లలు సెయింట్ హెలెనా బిళ్లల మీద ట్రిస్టన్ పేరు అచ్చువేసినవి.

మొదటి సమాధానం రాసినవారు

1961 సంగతి నేను రాస్తాను, ఎందుకంటే పేరు గురించి మొదలైన ఈ చర్చ మళ్లీ పేరు దగ్గరికే వస్తుంది.

ఆ ఏడాది అక్టోబరులో ఊరిని ఆనుకునే నేల చీలి అగ్నిపర్వతం పేలింది. 264 మందినీ పడవల్లో మొదట పక్కనున్న నైటింగేల్ ద్వీపానికి, అక్కడి నుంచి ఒక డచ్చి ఓడలో కేప్‌టౌనుకు, ఆ తరువాత ఇంగ్లండుకు తరలించారు. లావా లాబ్‌స్టర్లను (రొయ్య జాతి జీవులను) డబ్బాల్లో నింపే కర్మాగారాన్ని మింగింది కానీ ఊరు చాలావరకు మిగిలింది. ఇంగ్లండులో వారిని కొద్దికాలం సర్రేలో ఉంచి, తరువాత సౌతాంప్టన్ దగ్గర కాల్‌షాట్ అనే చోట, వైమానిక దళం వారి పాత ఇళ్లలో పెట్టారు. ఉద్యోగాలు, విద్యుత్తు, టెలివిజను అన్నీ అందాయి. అలవాటు లేని రోగాలు కూడా అంటుకున్నాయి, వృద్ధులు కొందరు ఆ దేశంలోనే పోయారు. ఇక వారు తిరిగి వెళ్లరని చాలామంది అధికారులు భావించారు. 1962 డిసెంబరులో ఓటు పెట్టగా 148 మంది వెళ్తామన్నారు, ఐదుగురు వద్దన్నారు. 1963లో అత్యధికులు ఊరికి చేరుకున్నారు. సామ్రాజ్యం వారిని వదిలేసిన సందర్భాలు ఉన్నాయి, తీసుకుపోవాలని చూసిన సందర్భాలూ ఉన్నాయి. రెండుసార్లూ నిర్ణయం వారిదే అయింది.

2009లో కొత్త రాజ్యాంగం వచ్చాక సెయింట్ హెలెనాకు అనుబంధం అన్న మాట పోయి, సెయింట్ హెలెనా, అసెన్షన్, ట్రిస్టన్ డ కున్యా మూడూ సమాన హోదాలో ఒకే భూభాగంగా ఉన్నాయి. గవర్నరు మాత్రం ఇప్పటికీ సెయింట్ హెలెనాలోనే ఉంటారు.

తిరిగి వచ్చిన తరువాత వారికి మొదట కావలసి వచ్చింది పడవలు దింపుకునేందుకు ఒక చిన్న రేవు, ఎందుకంటే పాత దిగుడు తీరాలను లావా కప్పేసింది. 1967 నాటికి కట్టిన ఆ రేవుకు వారు పెట్టుకున్న పేరు ‘కాల్‌షాట్ హార్బర్’. రెండేళ్లు పరాయి నేల మీద తమకు నీడనిచ్చిన చోటి పేరది. ఎడిన్‌బరో నగరాన్ని చూసి ఎరుగని ఊరి మీదికి ఆ పేరు ఒక బిరుదుతోపాటు వచ్చింది. కాల్‌షాట్‌లో వాళ్లు కాపురం ఉన్నారు, పనికి వెళ్లారు, జబ్బుపడ్డారు, పోయినవారిని తలుచుకున్నారు, ఆ పేరును తమ ఓడలోనే వెంట తెచ్చుకున్నారు.